చెయ్యి కిందనుంచి రావాలి

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఫోన్ చేసినప్పుడు నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్లో ఉన్నాను. "అమ్మా, కింది మేడమ్ పోయిండ్రు. పొద్దుగాల పనామె ఎంత బెల్లు కొట్టినా తలుపు తియ్యలే. తాళం తీసి చూస్తే గట్లనే పండుకొని ఉండ్రు," అన్నాడు. ఇంకా రెండు డైలాగులు మిగిలాయి. అవి చెప్పేసే బయటికొచ్చాను. ఈ మాట చదివి కొందరు మొహం చిట్లిస్తారని తెలుసు. మేడమ్‌గారైతే చిట్లించేవారు కాదు. చేతిలో పని ముగించుకుని రమ్మనేవారు.

మధ్యాహ్నానికి వాళ్ళ చర్చి నుంచి కబురు వచ్చింది, ప్రభువునందు నిద్రించారని. నిద్ర అనే మాట ఆవిడకి సరిపోయింది. భోజనం కాగానే ఒక కునుకు తీయకపోతే లోకం ఆగిపోతుందన్నట్టు ఉండేవారు.

ఆవిడ మా కింది ఫ్లాట్‌లో ఉండేవారు. సైకాలజీ ప్రొఫెసర్‌గా రిటైరయ్యారు. గుంటూరు వైపు మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగిన వాళ్ళకి కాఫీ ఇచ్చి పంపేసేవారు తప్ప జవాబు ఇచ్చేవారు కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ పరిశోధన ఒక్క విషయం మీదే. శిక్ష వేస్తే ప్రవర్తన మారుతుందా, మారితే ఎలా మారుతుంది, ఎంతకాలం నిలుస్తుంది. బళ్ళకి వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని, టీచరు ఎవర్ని ఎప్పుడు కొట్టిందో, ఆ తర్వాత ఆ పిల్ల ఏం చేసిందో చూస్తూ ఏళ్ళు గడిపారు. ఆవిడ గురించి బిల్డింగులో అందరికీ తెలిసింది మాత్రం ఒక్క ముక్కే: "మేడమ్‌గారు శిక్షల మీద డాక్టరేట్ చేశారు."

ఆ ఒక్క ముక్కే మా అమ్మని ఆవిడ గుమ్మం దాకా తీసుకెళ్ళింది.

నేను చిన్నప్పుడు సినిమాల్లో వేసేదాన్ని. పెద్ద పేరేం లేదు. హీరోయిన్ చిన్నప్పటి ముఖం, మేనకోడలు, తప్పిపోయిన పిల్ల, ఇలాంటివి. అప్పట్లో కొన్ని సెట్లలో ఒక పద్ధతి ఉండేది. చిన్నపిల్లల కళ్ళకి గ్లిజరిన్ మండుతుందని వాడేవారు కాదు. ఏడుపు సీను రాగానే ఎవరో ఒకరు కేకేసేవారు, "అమ్మని పిలవండి!" అని. అమ్మ వచ్చి కెమెరా పక్కన నిలబడేది. తిట్టేది. నేను ఏడ్చేదాన్ని. ఏడుపు అందుకోగానే డైరెక్టరు యాక్షన్ అనేవాడు. మిగతా పిల్లలు ఏడిస్తే అమ్మని పిలుస్తారు. నేను ఏడవడానికి పిలిచేవారు. అందులో వింత ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

మొదట్లో అమ్మ కళ్ళెర్రజేస్తే చాలేది. తర్వాత తిట్టు కావాల్సి వచ్చింది. తర్వాత గిచ్చుడు. ఆ తర్వాత చెంపదెబ్బ. జూబ్లీహిల్స్‌లో షూటింగులకి అద్దెకిచ్చే ఒక బంగళాలో ఒకరోజు చెంపదెబ్బకి కూడా నాకు ఏడుపు రాలేదు. రెండోదానికీ రాలేదు. నేను అమ్మ గాజులకేసి చూస్తూ నిలబడ్డానట. మర్నాటికి ఏడ్చేలా తయారుచేసి తీసుకురాకపోతే ఇంకో పిల్లని పెట్టుకుంటామని డైరెక్టరు చెప్పేశాడు. అది నాకు మొదటిసారి పేరున్న పాత్ర. అమ్మ ఆశలన్నీ దాని మీదే ఉన్నాయి.

ఆ సాయంత్రం నన్ను రెక్క పట్టుకుని కిందికి తీసుకెళ్ళి, సెట్లో జరిగేదంతా ఆవిడకి చెప్పింది.

"మేడమ్‌గారండీ, మీరు ఈ విషయం బాగా చదువుకున్నారంట కదా. ఎక్కడ కొడితే ఏడుస్తుందో కాస్త చెబుతారా? దెబ్బ గట్టిగా తగలకూడదు, ఏడుపు మాత్రం రావాలి," అంది.

నవ్వులాటకి కాదు. దర్జీ దగ్గరికి జాకెట్టు కొలతకి వెళ్ళినట్టే వెళ్ళింది. ఆ ప్రశ్నకి ఆవిడ అదిరిపడి ఉంటే, ఛీ అని ఉంటే, మేము మళ్ళీ ఆ గుమ్మం ఎక్కేవాళ్ళం కాదు. ఆవిడ కుర్చీ జరిపి, "కూర్చోండమ్మా, నిలబడి మాట్లాడే సంగతి కాదు," అన్నారు. జంతికలు పెట్టారు. ముందు అమ్మకి, తర్వాత నాకు.

"దండం దశగుణం అన్నారు కదండీ పెద్దలు," అంది అమ్మ, తన పక్షాన ఒక సాక్షిని నిలబెట్టుకుంటున్నట్టు.

"ఆ పది గుణాలూ ఏంటో తెలుసా అండీ? పాముని తోలడానికి, కుక్కని అదిలించడానికి, బురదలో నడవడానికి, చీకట్లో తడుముకోడానికి. ఆఖరిది ముసలితనంలో ఊతానికి. పిల్లల్ని కొట్టడానికని అందులో లేదు."

చర్చికి వెళ్ళే మనిషి నోటి వెంట శ్లోకం అర్థం విని అమ్మ చేతిలోని జంతికని తిరిగి పళ్ళెంలో పెట్టేసింది. అప్పుడు మేడమ్‌గారు నన్ను దగ్గరికి పిలిచి తల నిమరబోయారు. నేను మెడ పక్కకి లాక్కున్నాను. ఆవిడ చెయ్యి గాల్లోనే ఆపి, మెల్లగా దించి, అరచెయ్యి పైకి కనిపించేలా కిందనుంచి చాపి ఊరుకున్నారు. పిలవలేదు. అలా ఎంతసేపు ఉంచారో తెలీదు. చివరికి నా చెయ్యి దాంట్లో పెట్టాను.

"చూశారా అమ్మా," అన్నారు మా అమ్మతో. "ఈ పిల్ల దగ్గరికి చెయ్యి పైనుంచి రాకూడదు. కిందనుంచి రావాలి. రేపు అమ్మని పిలవండి అన్నప్పుడు మీరు వెళ్ళి ఇలా చెయ్యి చాపి కూర్చోండి. అంతకంటే నాకేం తెలీదు."

మర్నాడు అమ్మ అలాగే చేసింది. ఎందుకు చేసిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పదు. కేక వినపడగానే వచ్చి, నా ముందు కింద కూర్చుని, చెయ్యి చాపింది. నేను పట్టుకున్నాను. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని అందరూ చూశారు, రాలేదు. పాత్ర పోయింది. కథల్లో అయితే అప్పుడు అద్భుతమైన షాటు వచ్చేది. మాకు ఆటో వచ్చింది. షేక్‌పేట దాటాక ఏడుపు మొదలైంది, నాకు కాదు, మా అమ్మకి.

అమ్మకి ఆవిడ మీద చాలా కోపం వచ్చింది. ఆ కోపం చెప్పుకోడానికి రోజూ సాయంత్రం కిందికి దిగేది. మేడమ్‌గారు టీ ఇచ్చి అంతా వినేవారు. చివర్లో, "ఇవాళ పిల్ల మీద చెయ్యి చేసుకోలేదు కదా? బాగుందమ్మా," అని ఇంకో జంతిక వేసేవారు. చేసుకున్న రోజున ఏమీ అనేవారు కాదు, టీ మాత్రం ఇచ్చేవారు. అమ్మ ఒక్కసారిగా మారిపోయిందని చెప్పను. మళ్ళీ కొట్టింది. కొట్టిన రోజుల మధ్య ఎడం పెరిగింది. కొన్నాళ్ళకి ఆ ఎడమే మిగిలింది.

నేను కాలేజీకి వచ్చాక ఒకసారి అడిగాను, "ఇబ్బంది పడింది నేనైతే మీరు మా అమ్మకి పాఠం చెప్పారేంటండీ?" అని.

"నువ్వేం తప్పు చేశావని నిన్ను మార్చాలి?" అన్నారు. "కొట్టగానే పిల్ల చెప్పినట్టు చేస్తుంది. కొట్టినవాళ్ళకి అదే బహుమానం. అలవాటు పడేది పిల్ల కాదమ్మా, ఆ చెయ్యి."

ఆవిడ గొప్ప మంచి మనిషని రాస్తే ఒప్పుకునేవారు కాదు. లిఫ్టులో పిల్లలు అన్ని బటన్లూ నొక్కితే ఆవిడకీ ఒళ్ళు మండేది. "శాస్త్రం వేరు, లిఫ్టు వేరు," అని గొణుక్కునేవారు. మోకాళ్ళు మొరాయించి చేతికర్ర పట్టాక, మా అమ్మ కనపడితే దాన్ని కొంచెం పైకెత్తి, "పదో గుణం వచ్చిందండీ!" అనేవారు. ఇద్దరూ నవ్వుకునేవారు. వాళ్ళిద్దరి మధ్యా ఉన్నదాన్ని స్నేహం అనొచ్చని నాకు తోచడానికి చాలా కాలం పట్టింది.

ఒక్కటి మాత్రం ఆవిడ వల్ల కూడా కాలేదు. ఇప్పటికీ ఎవరైనా దగ్గరికొచ్చి చెయ్యెత్తితే నా మెడ పక్కకి పోతుంది. మేకప్ చేసే అమ్మాయైనా సరే. "మనసు ఎప్పుడో క్షమించేసి ఉంటుంది. ఒంటికి ఆ కబురు అందడానికి టైము పడుతుంది," అనేవారు. ఎంత టైమని అడిగితే, అది తన పరిశోధనలో తేలలేదని నిజాయితీగా ఒప్పుకునేవారు.

భూస్థాపన రోజున సమాధుల తోటలో జనం పెద్దగా లేరు. పాత విద్యార్థులు కొందరు, చర్చివాళ్ళు, మా బిల్డింగువాళ్ళు. పాస్టరుగారు ప్రార్థన ముగించారు. అందరం పూలు వేశాం. నాకు కన్నీళ్ళు రాలేదు. ఆవిడంటే నాకు ఎంతో ప్రేమ. ఆ మాట ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

తిరిగి వస్తుంటే నా జుట్టులో పూరెక్క చిక్కుకుంది. పక్కనే ఉన్న అమ్మ అది తీయబోయి చెయ్యెత్తింది. నా మెడ పక్కకి పోయింది. ఇన్నేళ్ళ తర్వాత, అక్కడ, అందరి ముందూ.

అమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఇప్పుడా చేతికి గాజులు వదులయ్యాయి. నా మొహంలోకి చూసింది. చెయ్యి మెల్లగా దించి, అరచెయ్యి తిప్పి, కిందనుంచి నా ముందు చాపి నిలబడింది. మా వెనక మనుషులు ఆగి చూస్తున్నారు. అయినా అమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.