జింకకి నాలుగు విజిల్స్

“అన్నయ్యా, జింక దొరికింది!”

మొన్న ఆదివారం మా తోడల్లుడు ప్రసాద్ వీధి చివర నుంచి వేసిన కేక ఇది. నేను ఇంటి ముందు రాలిన ఆకులు రేక్‌తో పోగుచేస్తున్నాను. ఎదురింటి అమెరికన్ పెద్దాయన కూడా తలెత్తి చూశాడు. ఆ క్షణమే లోపలికి పోయి తలుపేసుకుని ఉంటే, ఇవాళ మీకు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

మా ఆవిడ సరళ, ప్రసాద్ భార్య సుమ అక్కచెల్లెళ్లు. అమెరికాలో ఈ నోవై అనే ఊళ్లో ఒకే వీధిలో మా రెండిళ్లూ. ఇక నా అవస్థ ఊహించుకోండి. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు, నేను ఇండియన్ స్టోర్‌లో బియ్యం బస్తాలు సర్దేవాణ్ణి. దానికి నాకేం బాధ లేదు. మటన్ దగ్గరికొస్తే నేనే రాజుని. రెండిళ్లలో ఎవరి పుట్టినరోజైనా గరిటె నా చేతిలోనే ఉండేది. కిందటి నెల ఆయన జింక మాంసంతో నూడుల్స్ చేసి పెట్టాడు. అంతే, అప్పట్నుంచి మా ఆవిడకి అదే జపం. నేను గోంగూర మటన్ వండిన రోజు కూడా, “మరిదిగారి జింక ఎంత మెత్తగా ఉందో” అంది. నా మటన్ నములుతూ!

ప్రసాద్ ఆఫీసులో ఒకాయన వేటకి వెళ్తాడు. కొట్టినదాంట్లో కాస్త ఈయనకి పంచుతాడు. ఆ మాంసం ప్యాకెట్ అందినందుకే ఈ కేక. నాకు ఒళ్లు మండి, ఈసారి మా ఇంట్లో నేనే వండుతాను, సాయంత్రం అందరూ వచ్చెయ్యండి అన్నాను. ఎలా చెయ్యాలో అడగడానికి మాత్రం మనసొప్పలేదు. ఆయనే ప్యాకెట్ చేతికిస్తూ చెప్పాడు.

“రెండు నిమిషాలే అన్నయ్యా. అంతకు మించి పొయ్యి మీద ఉంచకు.”

రెండు నిమిషాలంటే నూడుల్సే కదండీ! మన దేశంలో పుట్టిన ఎవర్నైనా అడగండి. మాంసం సంగతి నాకొకరు చెప్పాలా?

కోసి చూస్తే ఎర్రటి కండ, కొవ్వు చుక్క లేదు. అడవిలో పరుగులు పెట్టిన ప్రాణం, గట్టిగానే ఉంటుందనుకుని అల్లంవెల్లుల్లి, పసుపు పట్టించి కుక్కర్‌లో పడేశాను. ముదురు మేక లెక్కన నాలుగు విజిల్స్. మూత తీస్తే ముక్కలు సగానికి సగం అయిపోయాయి. ఒకటి నోట్లో వేసుకున్నాను. కొబ్బరి పీచు. ఉడకలేదేమోనని ఇంకో రెండు విజిల్స్ రానిచ్చాను. ఈసారి తాడు. నూడుల్స్ మాత్రం సరిగ్గా రెండే నిమిషాలు ఉంచాను, మాట తప్పలేదు.

అంతలో వాళ్లు రానే వచ్చారు. సరళ, సుమ హాల్లో కబుర్లలో పడ్డారు. ప్రసాద్ తిన్నగా వంటింట్లోకి వచ్చి స్టవ్ వైపు చూశాడు.

“కుక్కర్ ఎందుకన్నయ్యా?”

నూడుల్స్‌కి రెండు నిమిషాలని నువ్వే చెప్పావుగా అన్నాను.

“నేను చెప్పింది జింకకి. కొవ్వులేని మాంసం కదా. సన్నగా కోసి, పాన్ బాగా కాగాక ఇలా వేసి అలా తీసెయ్యాలి.”

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వితే బాగుండేది, నేనూ నాలుగు మాటలనేవాణ్ణి. చొక్కా చేతులు మడిచి, ఆ తాళ్లని వేళ్లతో పోగులు పోగులుగా చీల్చాడు. ఇనుప పాన్‌లో నూనె కాచి, ఎండుమిర్చి, కరివేపాకుతో వాటిని కరకరలాడేలా వేయించాడు. సోయా సాస్ చిలకరించి నూడుల్స్ వేసి తిప్పాడు. నా వంటింట్లో నేను ఉల్లికాడలు తరిగిపెట్టాను.

అందరం టేబుల్ చుట్టూ కూర్చున్నాం. ప్రసాద్ వాళ్ల అమ్మాయి “పెదనాన్నా, సో క్రిస్పీ” అని ప్లేట్ మీదికి వంగిపోయింది. సరళ ఒక ఫోర్కుడు తిని అనుమానంగా నా వైపు చూసింది.

“ఇది మరిదిగారే చేశారు కదూ?”

“కాదొదినా, అన్నయ్యే. నేను ఊరికే తిప్పానంతే,” అన్నాడు ప్రసాద్.

మా ఆవిడ మొహం వెలిగిపోయింది. మీ చేతికి ఇదీ వచ్చన్నమాట అంటూ నా ప్లేట్‌లో ఇంకాస్త వడ్డించింది. ఇన్నాళ్లూ ఆయన వంట ఒక్కటే చూసి కుళ్లుకునేవాణ్ణి. ఇప్పుడు మంచితనం చూసి కూడా కుళ్లుకోవాలి! పోనీ పైకే ఓ మాట తిట్టేద్దామా అంటే, నోటినిండా నూడుల్స్.