ఆలస్యంగా వచ్చిన మంచినీళ్లు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరూ పళ్లు కనబడేలా నవ్వేవాళ్లు కాదు. నవ్వొస్తే ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు, మగవాళ్లు తల పక్కకు తిప్పుకునేవాళ్లు. అందరి పళ్ల మీదా పసుపుపచ్చని, మట్టిరంగు మచ్చలు. అలా నవ్వడమే మర్యాద కాబోలు అనుకునేదాన్ని. మొదటిసారి మిర్యాలగూడ వెళ్లినప్పుడు బస్టాండులో సోడాలమ్మే ఆవిడ తెల్లటి పళ్లన్నీ కనబడేలా పకపకా నవ్వుతుంటే, నేను అమ్మ చెయ్యి వదిలేసి ఆమె ముందు నిలబడిపోయానట.

మా ఊరు మాడుగులపల్లికి అవతల, మెరక మీద ఉంటుంది. సాగర్ కాలువ నీళ్లు దిగువ పొలాలను పచ్చగా చేశాయి కానీ మా దాకా ఎక్కలేదు. ఊరందరికీ బడి పక్కనున్న బోరింగే దిక్కు. ఆ నీళ్లు చూస్తే అద్దంలా ఉండేవి. వాటిలో ఫ్లోరిన్ ఉందనీ, అది ఎముకల్లోకి దిగి మనిషిని వంచేస్తుందనీ పెద్దవాళ్లకు తెలుసు. తెలిసి చేసేదేముంది? ఎండాకాలంలో ఆ బోరింగు కూడా ఎండిపోతుందేమోనన్నదే వాళ్ల భయం.

మా నాయన గొర్లు కాసేవాడు. అక్క నాకంటే నాలుగేళ్లు పెద్దది. దాని మోకాళ్లు రెండూ లోపలికి వంగిపోయి ఒకదానికొకటి రాసుకునేవి, పాదాలు మాత్రం ఎడంగా పడేవి. మందతో పాటు తిరగలేదు కాబట్టి ఇంటి దగ్గర దొడ్డిలో గొర్రెపిల్లలను చూసుకునేది. ఒక్కో పిల్లకు ఒక్కో చుట్టం పేరు పెట్టేది. మా మేనత్త ఇంటికొచ్చిన రోజున, "అత్తా, నువ్వు పొద్దున్నుంచి గడ్డి ముడ్తలేవు, ఏమైంది?" అని దొడ్డిలో గొర్రెపిల్లను అడుగుతుంటే, మా అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పరుగెత్తింది. మా ఇంట్లో ఆ మాత్రం నవ్వు ఉందంటే అది అక్క వల్లే.

అమ్మ దాన్ని చూపించని చోటు లేదు. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయింది. కోదాడలో ఎవరో పసరుకట్టు కడతారంటే అక్కడికీ పోయింది. బస్సు దిగిన ప్రతిసారీ అక్క కాళ్ల వంక చూసేదాన్ని. అవి అలాగే ఉండేవి.

ఆ ఏడు వానాకాలంలో మా ఊరికి ఒక విదేశీ కుటుంబం వచ్చింది. భార్య, భర్త, అక్క వయసు కూతురు. వాళ్ల దేశంలో ఆ నెలల్లో బడికి సెలవులట. సెలవులకు చుట్టాలిళ్లకు పోయేవాళ్లను చూశాం కానీ, సముద్రాలు దాటి వచ్చి ఇసుక మోసేవాళ్లను మేమెప్పుడూ చూడలేదు. మిర్యాలగూడలో ఉన్న ఒక సేవాసంస్థ వాళ్లను తీసుకొచ్చి బడిలో ఒక గది ఇప్పించింది. మాటలు అటూ ఇటూ చేర్చడానికి కోదాడ నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. విదేశీ ఆవిడను ఊరంతా తెల్లమ్మ అని పిలిచేది. ఆవిడ పలికేది కూడా.

బోరింగు పక్కన సిమెంటు తొట్టి కట్టాలి. అందులో నీళ్లు నింపి, పటికా సున్నమూ వేసి బాగా కలియతిప్పాలి. చెడంతా మడ్డిలా అడుక్కు దిగాక పైన తేరిన నీళ్లు తాగాలి. టీచరమ్మ మాకు చెప్పింది అంతే. మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ వచ్చింది. తెల్లమ్మ భర్త చొక్కా విప్పి సిమెంటూ ఇసుకా మాలు కలిపేవాడు. ఎండకు ఆయన వీపు ఎర్రగా కమిలిపోతే మా నాయన వెన్న తెచ్చి రాశాడు. ఆ పిల్ల ఇసుక తట్ట మోసీ మోసీ అలసిపోతే మా దొడ్లోకి వచ్చి అక్క పక్కన కూలబడేది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు. అయినా గొర్రెపిల్లల మధ్య కూర్చుని పొద్దుగూకేదాకా ఏదో చెప్పుకునేవాళ్లు. ఒకసారి ఆ పిల్ల ఏమందో తెలియదు, అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. నేను మొదటిసారి దాని పళ్లన్నీ చూశాను.

మా అమ్మ ఆ పనిలో అందరికంటే ఎక్కువ కష్టపడింది. ఎవరూ పిలవకముందే వెళ్లేది, అందరూ వెళ్లిపోయాక వచ్చేది. అందుకే తొట్టి నీళ్లు వదిలిన రోజున ఊళ్లో పెద్దలు మొదటి బిందె అమ్మకే ఇచ్చారు.

అమ్మ ఆ బిందె దింపి ముందు అక్కకు తాగించింది. తర్వాత దాన్ని అరుగు మీద కూర్చోబెట్టి, మిగిలిన నీళ్లు దోసిళ్లతో తీసి మోకాళ్ల మీద పోసి, నూనె మర్దన చేసినట్టు రుద్దసాగింది. మా ఇంటి ముందు నుంచి వెళ్తున్న తెల్లమ్మ అది చూసి ఆగింది. అమ్మ ఏం చేస్తోందని టీచరమ్మను అడిగింది.

"నీళ్లు మంచిగైనయి గదమ్మా," అంది అమ్మ, ముఖం వెలిగిపోతుండగా. "ఇగ నా బిడ్డ కాళ్లు గూడ సక్కగైతయి. ఎన్ని దినాలు పడ్తదో జర అడుగు."

టీచరమ్మ ఆ మాట ఆమెకు చెప్పింది. తెల్లమ్మ ఏదో అంటే, టీచరమ్మ మాకు చెప్పకుండా ఆమెతోనే వాదనకు దిగింది. కొద్ది రోజుల్లో వెళ్లిపోయేవాళ్లే కదా, ఆ ఆశ అలాగే ఉండనిస్తే పోయేదేముందని అడిగానని చాలా ఏళ్ల తర్వాత ఆవిడే నాతో చెప్పింది. దానికి తెల్లమ్మ, నేను వెళ్లిపోయాక ఈమె రోజూ ఆ కాళ్ల వంకే చూస్తూ కూర్చుంటుంది కదా అందట.

తెల్లమ్మ అరుగు ముందు, వాన నీళ్లు నిలిచిన ఆ బురదలోనే కూర్చుంది. అక్క పాదాలు రెండూ తన ఒళ్లోకి తీసుకుంది. అమ్మ కళ్లలోకి చూస్తూ నెమ్మదిగా మాట్లాడింది. టీచరమ్మ తల వంచుకుని తెలుగులో చెప్పింది.

"అమ్మా, ఈ నీళ్లు ఇకముందు చెడు జరక్కుండా కాపాడతాయంటండీ. జరిగిపోయినదాన్ని మాత్రం వెనక్కి తిప్పలేవంట. పాప కాళ్లు... ఇలాగే ఉంటాయంట."

"నువ్వు తప్పు జెప్తున్నవ్," అంది అమ్మ. "మళ్ల సరింగ అడుగు."

టీచరమ్మ మళ్లీ అడగలేదు. తెల్లమ్మ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి కానీ చూపు మాత్రం అమ్మ మీద నుంచి తిప్పలేదు.

అక్క ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నాకు గాదా?" అంది. "మరి గీ నీళ్లు ఎవలికి?"

తెల్లమ్మ తల తిప్పి నా వైపు చూసింది. ఆ చూపును ఎవరూ తెలుగులో చెప్పనక్కర్లేకపోయింది.

అమ్మ లేచి బిందెను తన్నింది. అది దొర్లుకుంటూ పోయి దొడ్డి గోడకు కొట్టుకుంది. "గంత దూరంకెల్లి గిది జెప్పనీకె వచ్చిన్రా? నా పెద్దబిడ్డకు అక్కరకు రాని నీళ్లు నా ఇంట్ల ఎవ్వలికి అద్దు!" అని తలుపేసుకుంది.

ఆ రోజు మేము మళ్లీ బోరింగు నీళ్లే తాగాం. మర్నాడు పొద్దున్నే తెల్లమ్మ నడుం మీద బిందె పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆమెకు బిందె మోయడం చేతకాదు. సగం నీళ్లు ఆమె బట్టల మీదే ఒలికిపోయాయి. మిగిలిన సగం గడప ముందు పెట్టి, తలుపు కొట్టకుండా, పిలవకుండా వెళ్లిపోయింది. అమ్మ వాటిని తీసుకుపోయి గొర్ల తొట్లో కుమ్మరించింది. ఆ మరుసటి పొద్దున మళ్లీ వచ్చింది. అమ్మ మళ్లీ కుమ్మరించింది. దారిలో ఆడవాళ్లు చూసి నవ్వేవాళ్లు. తర్వాత వాళ్లే జాలిపడి ఆమె తల మీద గుడ్డ చుట్ట పెట్టి బిందె ఎత్తారు. నాయన మాత్రం అమ్మను ఒక్క మాటా అనలేదు. అమ్మ ఎదుటపడితే ఎక్కడ ఏడుస్తానోనని చీకట్లోనే మందను తోలుకుపోయేవాడు.

అలా జరుగుతుండగా ఒక పొద్దున, అమ్మ లేచి వచ్చేసరికి అక్క గోడ పట్టుకుని గడప దాకా చేరింది. తెల్లమ్మ అప్పుడే బిందె దించి వెనక్కి తిరుగుతోంది. అక్క ఆ నీళ్లలో చెంబు ముంచి నన్ను పిలిచింది.

"తాగు."

నేను అమ్మ వంక చూశాను.

"అమ్మ దిక్కు సూడకు. తాగు."

తాగాను. ఆ నీళ్లు కొంచెం వగరుగా అనిపించాయి. అమ్మ వచ్చి చెంబు లాక్కోబోతే అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నా కాళ్లు గిట్లయినయని చెల్లె కాళ్లు గూడ గిట్లనే గావాల్నా?" అంది. కోపంగా కాదు. ఆకలేస్తోందా అని అడిగినంత మామూలుగా అడిగింది.

అమ్మ అక్కడికక్కడే కూలబడి, అక్క మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఊరంతా వినబడేలా ఏడ్చింది. తెల్లమ్మ వెళ్లిపోలేదు. అలాగని దగ్గరికి వచ్చి ఓదార్చనూ లేదు. గుమ్మం బయటే నిలబడింది. చాలాసేపటికి అమ్మ ముఖం తుడుచుకుని లేచి, ఒక గోనెపట్టా తెచ్చి తన పక్కన పరిచింది. తెల్లమ్మ వచ్చి కూర్చుంది. ఎండ అరుగు మీదికి ఎక్కేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

సెలవులైపోయాక తెల్లమ్మవాళ్లు వెళ్లిపోయారు. జీపు ఎక్కేముందు ఆ పిల్ల అక్క మెడ పట్టుకుని ఎంతకీ వదల్లేదు. మర్నాడు పొద్దున మా గడప ముందు ఎవరూ లేరు. అమ్మ కాసేపు అటే చూసి, బిందె తీసుకుని తొట్టి దగ్గరికి నడిచింది. అక్కడ చేరినవాళ్లు ఎవరు కలుపుతారా అని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, అమ్మే కొంగు బిగించి పటికా సున్నమూ వేసి తిప్పడం మొదలుపెట్టింది. కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చేదాకా, ఎన్నో ఏళ్లు, ఆ పని ఆమెదే. కొన్నిసార్లు పటిక రాక తొట్టి ఆగిపోయేది. అప్పుడు అమ్మే మిర్యాలగూడ బస్సెక్కి సంస్థవాళ్ల గుమ్మంలో కూర్చుని తెచ్చుకునేది. నిండు చూలాలు కనబడితే ముందు ఆమె బిందె నింపేది. నా తర్వాత పుట్టిన పిల్లలు ఆ వీధిలో తిన్నటి కాళ్లతో పరుగులు తీస్తుంటే అక్క అరుగు మీద కూర్చుని చూసేది. పందెంలో ఎవరు గెలిచారో అక్కే చెప్పేది.

పందొమ్మిది వందల తొంభైల్లో అక్క నడుం పూర్తిగా బిగుసుకుపోయింది. మెడ తిప్పాలన్నా ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేది. మంచం దొడ్డి దగ్గరికి వేయించుకుని గొర్రెపిల్లలతో మాట్లాడేది. ఒక వానాకాలంలో జ్వరం వచ్చింది. సూర్యాపేట తీసుకెళ్లేలోపే దారిలో పోయింది. ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక కాళ్లు చాపుదామని ఎవరో పట్టుకుంటే, అమ్మ వాళ్ల చేతులు అడ్డుకుంది.

"అట్లనే ఉండనియ్యున్రి," అంది. "దానికి నొప్పి పెట్టకున్రి."

అప్పటికి నేను నర్సింగు చదువుతున్నాను. తర్వాత సూర్యాపేటలోనే ఉద్యోగం వచ్చింది. ఎందరో తల్లులు నా చెయ్యి పట్టుకుని "నయమైతదా బిడ్డా?" అని అడిగారు. అవుతుందని చెప్పేసి ముందుకు నడవడం సులువు. చాలామంది అదే దయ అనుకుంటారు. కాదని చెప్పేసి నడిచిపోవడమూ అంతే సులువు. నాకు ఆ రెండూ చేతకాలేదు. కిందనే వాళ్ల పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెబుతాను. మర్నాడు డ్యూటీ లేకపోయినా ఆ మంచం దగ్గరికి వెళ్తాను. కొందరు నన్ను చూసి ముఖం తిప్పుకుంటారు. తిప్పుకుంటే తిప్పుకోనీ అని కాసేపు అక్కడే నిలబడతాను.