ఎవరూ నొక్కని మీట

మగ్గం మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తున్న, ఇందుల ప్రతి ముచ్చటా నిజం. నా మాటలు నమ్మని మా వాడకట్టోళ్ళు సుత ఇది నమ్మాలె.

దసరా మరునాడు. చీరల మేళాకు డిజైన్లు ఏరుకునేటోళ్ళు హైదరాబాద్ నుంచి మధ్యాహ్నానికి మా ఇంటికి రావాలె. ఇన్నేండ్లు మా బాపు గీసిన నమూనాలే నేసినం. ఈసారి నా భార్య సొంతంగ ఒకటి తయారు చేసింది. రంగు అంటకుండ దారానికి ముడి కట్టాల్సిన కాడ ఎక్స్, రంగు పట్టాల్సిన కాడ చుక్క. ఇంట్లున్న కంప్యూటర్ల, రాసుకునే ఎడిటర్‌లనే, వరుస కింద వరుస కొట్టుకుంట ఎండకాలం నుంచి దసరా దాంక కూసున్నది. ఇంకో కాపీ లేదు. వచ్చినోళ్ళకు అది చూపిస్తెనే మేళాల ఆమె పేరు మీద జాగా.

పొద్దున ఎడిటర్ తెరిస్తే తెర మీద ఒక డబ్బా పడ్డది. మీరు కంట్రోల్ మీట నొక్కి పట్టుకున్నరు, సేఫ్ మోడ్‌ల తెరవాల్నా, అని ఇంగ్లీషుల అడుగుతాంది.

"నువ్వు నొక్కినవానే?" అన్న.

"నా చేతులు చూడు" అని రెండు చేతులు పైకి లేపింది. నేను సుత లేపిన. పోలీసులకు దొరికినట్టు ఇద్దరం నిలబడ్డం. డబ్బా పోలే. కంప్యూటర్ బందు చేసి మళ్ళ పెట్టినం. మళ్ళ అదే డబ్బా. ఇంట్ల మేం తప్ప ఎవ్వరు లేరు. 

"సరే, తెరువుమను" అన్నది. మౌస్‌తోని సరే అన్న. డిజైన్ తెరుచుకున్నది.

"ఇగ ఏం ముట్టకు" అన్నది.

నేను ముట్టకుంటనా? కీబోర్డు పనిచేస్తాందా చూద్దామని 'ఏ' కొట్టిన. అక్షరం పడలే, డిజైనంత నీలమైంది. ఆమె ముడి గుర్తు ఎక్స్ కొట్టిన. తెర తెల్లగైంది. ఒక్క చుక్క లేదు. భయానికి చెయ్యి అలవాటుగ సేవ్ చేద్దామని 'ఎస్' మీదికి పోయింది. కంప్యూటర్ ఆ ఖాళీ పేజీనే భద్రంగ దాచిపెట్టుకున్నది.

  ఆమె ఫోన్ మోగింది. "మోత్కూరు దాటినమమ్మా, దగ్గర్లనే ఉన్నం" అంటున్నరు హైదరాబాదోళ్ళు. నా గుండె చప్పుడు విని పక్కింటి అవ్వ గోడ మీదికెల్లి తొంగి చూసి, "పండుగ తెల్లారే మగ్గం నేస్తున్నరా?" అన్నది.

అప్పుడు నేను నిమ్మళంగ కుర్చీల కూసున్న. కొట్టింది తప్పైతే ఆమె కంట్రోల్, జెడ్ కలిపి నొక్కుతది, పోయింది వాపస్ వస్తది. కంట్రోల్‌ను ఎవరో ముందే నొక్కి పట్టుకుంటిరి. ఇగ జెడ్ ఒక్కటి సాలు కదా? కొట్టిన. ముడులు, చుక్కలు అన్నీ ఒక్కపారి వచ్చి వాటి జాగల కూసున్నయి. మౌస్‌తోని సేవ్ చేసినం.

ఆమె కీబోర్డును వెలుతురుకు వంచి చూసింది. "నిన్న దీనికి పూజ ఎట్ల చేసినవయ్యా?"

"మగ్గానికి చేసినట్టే. నాలుగు మూలలకు తడి పసుపు, మీద కుంకుమ."

ఎడమ దిక్కు కింది మూలన ఉండేది కంట్రోల్ మీటనే. పసుపు ముద్ద పెట్టేటప్పుడు నా వేలు దాన్ని కిందికి ఒత్తింది. ముద్ద ఎండి మీటను అక్కడనే పట్టుకున్నది. అందుకే 'ఏ' కొడితే డిజైనంత ఎంపికైంది, ఎక్స్ కొడితే కత్తిరించుకపోయింది, 'ఎస్' కొడితే సేవ్ అయ్యింది.

"మగ్గం మొద్దుకు పెట్టినంత పెట్టినవు గదా!"

"తక్కువ పెడితే కంప్యూటర్ అలుగుతదనుకున్న."

జడపిన్నుతోని ఆమె గీకుతుంటే పసుపు పెళ్ళలు ఊడినయి. వాకిట్ల కారు ఆగింది.

వచ్చినోళ్ళు చానాసేపు తెర చూసి, "ఈ డిజైన్ ఎవరు చేసిన్రు?" అని నా దిక్కు చూసిన్రు.

"నేను" అన్నది ఆమె. వాళ్ళు ఆమె పేరు అడిగి రాసుకున్నరు.

ఇగ ఒట్టు సంగతి. అంతా నిజమే, పక్కింటి అవ్వ సుత నిజమే. జెడ్ కొట్టింది మాత్రం నేను కాదు. కుర్చీల కూసున్నది సుత నేను కాదు. నేను వైరు గుంజి కంప్యూటర్‌ను ఆర్పేద్దామని గోడ కాడికి ఉరికిన. గుంజి ఉంటే ఆ డిజైన్ ఇగ దొరికేదే కాదు. ఆమె ఒక చేత్తోని నా మణికట్టు పట్టి ఆపి, రెండో చేత్తోని జెడ్ కొట్టింది. ఆ పట్టుకు చెయ్యి మీద, దారానికి ముడి విప్పినంక మిగిలినట్టు, తెల్లటి గుర్తు పడ్డది. ఇప్పటికీ ఉన్నది. వస్తే చూపిస్త.