సగంలో ఉన్న పుస్తకాల ఆదివారం

మా టీచరమ్మ పోయిందని ఆమె కోడలు పొద్దున్నే, నేను పుట్టింట్లో ఉండగా, ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయిందట, ఏమీ బాధపడలేదట. నాకు ఏడుపు కంటే ముందు ఊరట కలిగింది. ఇలా రాస్తే నన్ను రాతిగుండె మనిషి అనుకుంటారేమో, అనుకోండి. ఇదే కబురు కిందటేడు వచ్చి ఉంటే నేను తట్టుకోలేకపోయేదాన్ని. ఎందుకో చెప్తాను.

నాది పులివెందుల. పెళ్లయి ప్రొద్దుటూరికి వచ్చిన కొత్తలో ఈ ఊళ్లో బంగారం అంగళ్లు తప్ప ఇంకేమీ లేవనుకున్నాను. పక్కింట్లో రిటైరైన తెలుగు టీచరు ఒకామె ఉందనీ, ఆదివారం సాయంత్రాలు పుస్తకాలు చదివేవాళ్లు ఆమె వరండాలో చేరతారనీ తెలిసి, ఒకరోజు గోడ మీదుగా తొంగి చూశాను. ఆమె నా పేరు అడగలేదు, ఎవరి కోడలివని అడగలేదు. "ఏం చదువుతాండావు మే?" అంది. నేను తడబడుతూ ఒక నవల పేరు చెప్పాను. "యాడిదాకా వచ్చినావు?" అంది వెంటనే. అత్తగారింట్లో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. ఆ సాయంత్రమే వెళ్లి కూర్చున్నాను.

ఆ వరండాలో ఒకటే కట్టుబాటు. చదవడం అయిపోయిన పుస్తకం గురించి మాట్లాడకూడదు. ఇప్పుడు చదువుతున్నదాని గురించి, వచ్చినంతవరకే చెప్పాలి. ఇంకొకరిని చదవమనాలన్నా మనం మధ్యలో ఉండగానే అనాలి. కాలేజీలో పాఠాలు చెప్పే మా చిన్నాన్న ఒకసారి పులివెందుల నుంచి వచ్చి, ఎప్పుడో చదివిన నవలను మొదటి నుంచి విడమరచబోయాడు. టీచరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"అయిపోయినదాని గురించి ఎవురైనా చెప్తారు లేప్పా. ఇప్పుడు యాడుండావు, అది చెప్పు."

చిన్నాన్న అప్పుడు ఏదీ చదవడం లేదు. బొరుగులు తిని, టీ తాగి, ముఖం మాడ్చుకుని బస్సెక్కాడు. తర్వాతిసారి లావుపాటి పుస్తకం ఒకటి చంకలో పెట్టుకొచ్చి, ఇంకా మొదట్లోనే ఉన్నానని బుద్ధిగా ఒప్పుకున్నాడు.

"ముగింపు తెలిసినోళ్లు తీర్పు చెప్తారు. మధ్యలో ఉండేటోళ్లు ఆశగా చెప్తారు. నాకు ఆ ఆశే కావాల" అనేది ఆమె. తను చెప్పేటప్పుడు మాత్రం మమ్మల్ని ఏడిపించేది. కథలో పిల్ల అర్ధంతరంగా ఇల్లు వదిలి బయల్దేరుతుంది, సరిగ్గా అక్కడ ఆపి తీరిగ్గా టీ చప్పరించేది. ఆ పుస్తకం నాకంటే నాకని మేము కొట్టుకునేవాళ్లం.

అలాంటి మనిషికి షుగర్ వల్ల కళ్లు దెబ్బతిన్నాయి. మనుషులు లీలగా కనబడతారు గాని అక్షరాలు ఇక కనబడవని కడపలో డాక్టరు చెప్పేశాడు. ఆ ఆదివారం ఎప్పటిలాగే కుర్చీలు వేయించింది, బొరుగులు కలిపింది. మాటలు మొదలయ్యేసరికి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను వెనకాలే వెళ్లి పిలిచాను.

"నేనేం చదువుతాండానని ఆడ కూచోవాల?" అంది.

"నువ్వు పెట్టిన కట్టుబాటే గదా, నువ్వే తీసెయ్ టీచరమ్మా."

"నాకోసం తీసేస్తే అది కట్టుబాటు యెట్లయితాది మే?"

నాకు ఒళ్లు మండింది. తన కట్టుబాటుకు తనే దొరికిపోయి, దాన్ని పట్టుకునే వేలాడే మనిషితో ఏం వాదిస్తాం? ఎవరు చదివి వినిపిస్తామన్నా, వినేది చదవడం ఎట్లయితాదని కొట్టిపారేసింది. వారాలు గడిచాయి. గేటు దగ్గర కనబడితే ఏం చదువుతున్నావని అడగడం కూడా మానేసింది. ఆ మాటతోనే పలకరించే మనిషి అది మానేశాక ఆమెలో ఇంకేం మిగిలింది? ఇలాగే వంటింట్లో కూర్చుని పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

జమ్మలమడుగు నుంచి బట్టలకొట్టు మామ ఒకాయన ఆదివారాలు ఆ వరండాకు వచ్చేవాడు. వాళ్లమ్మను కూడా తెచ్చేవాడు. ఆ అవ్వ బడి మొహం చూడలేదు. కొడుకు ఇంట్లో చదువుతుంటే వినేది. మొదటిసారి వచ్చినప్పుడు మేమంతా ఆమెను దాటేసి పక్కవాళ్ల వైపు తిరిగితే, టీచరమ్మే ఆపి, "అవ్వా, నువ్వు యాడిదాకా వచ్చినావు?" అని అడిగింది. అప్పటి నుంచి అవ్వ ప్రతిసారీ వచ్చేది, విన్నంతవరకు చెప్పేది.

ఒక ఆదివారం అవ్వ తన వంతు రాగానే లేచి, పీట తీసుకుని నేరుగా వంటింట్లోకి వెళ్లింది.

"ఏందవ్వా, ఈడికొచ్చినావు?" అంది టీచరమ్మ.

"నేను గూడా చదవలే గదమ్మా. విన్నా, అంతే. చదవనోళ్లు ఈడ కూచుంటారంట గదా?"

వంటింట్లోంచి టీచరమ్మ నవ్వు వినబడింది. అన్ని వారాల తర్వాత విన్న ఆ నవ్వుకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇద్దరూ చేతులు పట్టుకుని బయటికి వచ్చారు.

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు నేను చదివి వినిపించాను. గబగబా చదివితే, "యాడికి మే, బస్సు పోతాందా?" అని తిట్టేది. తిట్టించుకోవడం ఇంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు. ఆదివారాలు మళ్లీ తన కుర్చీలో కూర్చుంది, మళ్లీ కథ మధ్యలో ఆపి మా ప్రాణాలు తీసింది. నాకు కుదరని రోజుల్లో కోడలు చదివేది. ఆ అమ్మాయికి అంతకుముందు పుస్తకాల జోలి లేదు. అత్త పట్టుబట్టిందని చదివేది, అంతే. పోవడానికి ముందురోజు కూడా ఆమే చదివిందట.

అందుకే నాకు ఊరట. మా టీచరమ్మ వంటింట్లో కూర్చుని పోలేదు. తన కట్టుబాటు తప్పకుండా, ఒక నవల మధ్యలో ఉండగా పోయింది.

కర్మలు అయ్యాక వచ్చిన ఆదివారం మేమంతా చేరాం. కోడలు టీ ఇచ్చి లోపలికి వెళ్లింది. కొంచెంసేపటికి ఆ నవల పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆయమ్మకు చదివిన కాడ నిలిపేద్దామనుకున్నా. ఆపలేకపోయినాను. దాటి శానా దూరమొచ్చినా" అంది, తప్పు చేసినదానిలా.

అవ్వ తన పక్కనున్న కుర్చీ మీది బొరుగుల పళ్లెం తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ అమ్మాయి వచ్చి ఆ కుర్చీలో కూర్చుని, కొంగుతో కళ్లు తుడుచుకుని, టీచరమ్మ వినని కథను మాకు చెప్పడం మొదలుపెట్టింది.