ఆయన మానేయని గోలీలు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధం నా గుండె మీద కూర్చుని ఉంది. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, రాయడం నాకు కష్టం. అయినా ఇది చదివే మీకు చెప్పకపోతే ఇక ఊపిరాడదు.

మణికొండలో మనవరాలి ఇంట్లో ఉంటాను. తను కాలేజీలో పాఠాలు చెబుతుంది. మొదటి సంవత్సరం పిల్లలకు ఆరోగ్యం గురించి ఏమేం చెప్పాలో ఈసారి తననే నిర్ణయించమన్నారు. మొన్న ఆదివారం నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే పక్కనే కూర్చుని రాసుకుంటోంది.

"అమ్మమ్మా, నిద్ర, తిండి, చేతులు కడుగుడు అన్నీ ఎనకకు పెట్టిన. ముందుగాల తాత ముచ్చటనే చెప్త."

"తాతదేముంది చెప్పనీకి?"

"బీపీ గోలీలు బంద్ చేసిండు గదా! గింత మొండోళ్లు ఉంటరని పిల్లలకు ఎరుక గావాలె. నీ మాటన్న ఇన్నడా?"

చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. క్లాసు నిండా పిల్లల ముందు ఆయనను నిలబెడుతుందా? నేనాడిన మాట పాఠమైపోతుందా?

ఆయన మానేయలేదు. నేనే ఇవ్వలేదు.

శనివారం ఆయనకు ఒక్కపొద్దు. ఖాళీ కడుపున గోలీ ఎందుకని ఆ రోజు ఆపేదాన్ని. ఏమీ కాలేదు, మామూలుగానే తిరిగారు. అలాంటప్పుడు రోజూ మింగించడం దండగ కాదా అనుకుని, సబ్బుముక్కను కూడా అరిగేదాకా వదలని నేను, ఆయనకు చెప్పకుండానే రోజు విడిచి రోజు ఇవ్వడం మొదలుపెట్టాను. నేను ఇస్తే వేసుకునేవారు. ఇవ్వకపోతే అడిగేవారు కాదు. అంత నమ్మకం.

ఆయన పడిపోయిన రోజు, గోలీలు రోజూ వేసుకుంటున్నారా అని దవాఖానలో డాక్టరు అడిగారు. "నేనిస్తనే ఉన్న సారూ, ఆయననే ఏస్కోలే" అన్నాను. ఆయనకు మాట పడిపోయింది గానీ చెవులు వినపడుతూనే ఉన్నాయి. నా వైపు చూశారు. కోపం కాదు. ఇది నువ్వేనా అన్నట్టు చూశారు. నాలుగో రోజు పోయారు.

ఎందుకన్నాను? భయమా? సిగ్గా? ఇంట్లో అందరి తప్పులూ పట్టేదాన్ని, నా తప్పు బయటపడితే ఇంకెవరు నా మాట వింటారని అనుకున్నానేమో. ఇప్పటికీ తెలియదు.

ఈ పొద్దున మనవరాలికి చెప్పేశాను. తను ఏడవలేదు, అరవలేదు. టిఫిన్ ముట్టకుండానే కాలేజీకి వెళ్లింది. పాఠంలో ఏం చెబుతుందో అడగలేదు. నా సంగతే చెప్పినా సరే. ఆయనను మొండివాడని అనేవాళ్లు మాత్రం ఇక ఈ ఇంట్లో లేరు.