గోడ ముందు గులకరాళ్ల బాట

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, కాఫీ చల్లారేలోపు చెప్పేస్తాను. మా చిన్నమ్మాయి హైస్కూల్లో చేరిన ఏడాది వేసవి మాట ఇది. అప్పుడు నేను నేపర్‌విల్ దగ్గర ఒక చిన్న బేస్‌బాల్ స్టేడియంలో గ్రౌండ్ క్రూలో ఉన్నాను. అంటే పచ్చిక, మట్టి, గీతలు చూసుకునే సిబ్బంది. మా పైన హెడ్ గ్రౌండ్స్‌కీపర్ టెడ్, ఆయన పైన మేనేజరమ్మ.

పచ్చిక అయిపోయాక గోడ దాకా గులకరాళ్లు పరిచిన బాట ఉంటుంది. వార్నింగ్ ట్రాక్ అంటారు. పాతకాలంలో స్టేడియాలను ఊరి వీధుల మధ్య దొరికిన స్థలంలో ఇరికించి కట్టేవారట. గోడ ఒకచోట దగ్గర, ఒకచోట దూరం. బంతి కోసం ఆకాశం చూస్తూ పరుగెత్తేవాడికి గోడేం కనిపిస్తుంది? ఎందరో గుద్దుకున్నాకే ఈ బాట వచ్చిందని టెడ్ చెప్పేవాడు. కాలికింద గులక కరకరమంటే, తల దించకుండానే గోడ దగ్గరైందని తెలుస్తుంది.

ఆ ఏడు మా జట్టులో రోహన్ అని, ఈ దేశంలోనే పుట్టిన మన తెలుగు అబ్బాయి ఉండేవాడు. గోడ దాకా పరుగెత్తి బంతులు పట్టే అవుట్‌ఫీల్డర్. అంతకుముందు ఏడాది వేరే మైదానంలో గోడకు కొట్టుకుని భుజం విరగ్గొట్టుకున్నాడు. అప్పట్నుంచి గోడకు చాలా ముందే ఆగిపోతున్నాడు. ఇంకొక్కసారి ఆగితే తీసేస్తానని కోచ్ చెప్పేశాడు.

ఒక ఉదయం నేను నీళ్లు పడుతుంటే వచ్చాడు.

“ఆంటీ, నాకు ట్రాక్ తెలియట్లేదు. గ్రాస్ లాగే ఉంది.”

“భయం వల్లేమో నాన్నా.”

“భయం ఉంది. కానీ అది కాదు. మీరు రన్ చేసి చూడండి!”

“ఈ మోకాళ్లతోనా? బాగా పరుగెత్తితే నీ బదులు నన్ను పెట్టుకుంటారేమో, చూసుకో!”

నవ్వాడు గాని కదల్లేదు. బూట్లు విప్పి నడిచి చూశాను. నిజమే, అరుగులా నున్నగా ఉంది. ఆదివారాలు ఆటయ్యాక కుటుంబాలను మైదానం చుట్టూ నడవనిచ్చేవాళ్లం. పసిపిల్లల స్ట్రాలర్ చక్రాలు దిగబడుతున్నాయని, రోలర్‌తో అణచమని మేనేజరమ్మ చెప్పింది. వారం వారం అణిచేసరికి, వానలకు తడిసి సిమెంటులా బిగిసిపోయింది.

టెడ్‌కి చెప్పాను. ఆయన మడమతో రెండు పోట్లు పొడిచి చూసి, సరాసరి ఆఫీసుకు వెళ్లాడు. స్ట్రాలర్లకు పలకలు పరుద్దాం, ఆట ఉన్నప్పుడు తీసేద్దాం అని మేనేజరమ్మను ఒప్పించాడు. మేం బాటంతా ఇనప పళ్ల దంతెతో గీరి, కొత్త గులక పోశాం. గులక తగిలాక గోడకు ఎంత దూరముందో కాళ్లకు పట్టుబడేదాకా, రోహన్ కళ్లు మూసుకుని పచ్చిక మీంచి బాట మీదికి నడిచాడు.

శనివారం మధ్యాహ్నం ఆటలో బంతి గోడవైపే లేచింది. రోహన్ పరుగెత్తాడు. కరకరమన్న చప్పుడు గేటు దగ్గరున్న నాకూ వినిపించింది. ఆగలేదు. ఇంకాస్త సాగి, వీపు గోడకు ఆనించి, చెయ్యి చాపి బంతి పట్టేశాడు. జనమంతా లేచి అరుస్తుంటే టెడ్ నా పక్కన, “సౌండ్ బాగుంది” అన్నాడంతే.

కోచ్ ఆ అబ్బాయిని సీజన్ చివరిదాకా ఉంచుకున్నాడు.

చూడ్డానికి నున్నగా ఉండటం మైదానానికి గొప్ప కాదు. పైకి చూసేవాడికి కింద నుంచి కబురు అందాలి. మా పని అదే.

మీ ఇంట్లోనూ పైకి చూస్తూ పరుగెత్తే పిల్లలుంటారు. గోడ సంగతి వాళ్ల కాళ్లకు ముందే తెలియాలి, కోరింది చేతికందాలి, మీ ఇల్లు చల్లగా ఉండాలి.