మూతి విరుపులకు మార్కులు వేసిన లోర్నా

అయోవాలో మా ఊరి యూనివర్సిటీలో, మొగుడూ పెళ్లాలు ఎలా పోట్లాడుకుంటారో పరిశీలించే గది ఒకటుంది. వచ్చిన జంటలకు కాఫీ పోసి సంతకాలు పెట్టించుకోవడం నా పని. వాళ్లు కెమెరాల ముందు పావుగంట తగువులాడుకుంటే, ఆ వీడియో ఆపుతూ నడుపుతూ ఎవరు కళ్లు తిప్పారు, ఎవరు మూతి విరిచారు అని క్షణక్షణానికీ గుర్తులు వేయడం లోర్నా ప్రూయిట్ పని. పంతొమ్మిదేళ్లు వేసింది. మూడు నిమిషాలు చూసి, వీళ్లు రెండేళ్లలో విడిపోతారని తేల్చేసేది. చాలాసార్లు నిజమయ్యేది కూడా. దాంతో ఆ గది నడిపే ప్రొఫెసర్ హాల్వర్సన్‌కి పేరొచ్చింది, లోర్నాకి పొగరొచ్చింది.

ఆ పొగరు ఇంటికీ మోసుకుపోయేది. ఆమె భర్త వెర్న్ ధాన్యం గిడ్డంగిలో పనిచేసేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఒకసారి నన్ను భోజనానికి పిలిచారు. బంగాళాదుంపల్లో ఉప్పు తగ్గిందన్నాడు పాపం.

"చూశావా, ఎడమవైపు పెదవి ఒక్కటే కదిలింది. అది తిరస్కారం," అంది లోర్నా నాతో, అతను అక్కడ లేనట్టే.

"ఉప్పు ఇటు అందించు మహాతల్లీ, చాలు," అన్నాడు వెర్న్.

"ఇది వెటకారం. దీనికి వేరే గుర్తు."

ఇక ఆ మనిషి ఏం మాట్లాడతాడు? నోరు మూసుకుంటే దానికీ ఒక గుర్తుంది, గోడ కట్టడమట. నేను రెండు పెళ్లిళ్లు చెడగొట్టుకున్నదాన్ని, నీతులు చెప్పే మొహం కాదు నాది. అయినా మొగుడి బాధ వదిలేసి పెదవులు కొలిచే ఆడదాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది.

పోయిన మార్చిలో జంటలు తక్కువ పడ్డాయి. మీ ఆయన్ని తీసుకురమ్మని లోర్నాతో అన్నాడు ప్రొఫెసర్. వెర్న్ అడగ్గానే ఒప్పుకున్నాడు. లోర్నా మురిసిపోయింది. ఎందుకు ఒప్పుకున్నాడో, వాళ్ల వంతు వచ్చిన శుక్రవారం గదిలోకి వెళ్లేముందు నా బల్ల దగ్గర ఆగి నాకు చెప్పాడు.

"నెబ్రాస్కాలో మా అన్నయ్య వచ్చెయ్యమంటున్నాడు. బట్టలు ట్రక్కులో పెట్టుకునే వచ్చా. ఇంట్లో ఏం చెప్పినా నా మొహం చూస్తుందే గానీ మాట వినదు. ఇక్కడైనా వింటుందేమో. ఉండమంటే ఉండిపోతా."

ప్రొఫెసర్ ఆ ఏడు కొత్త పద్ధతి పెట్టాడు. చిన్న చెక్కపలక ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. రెండోవాళ్లు విన్నది తిరిగి అప్పజెప్పాలి. సొంతమాట అనాలంటే పలక చేతికి రావాలి. ముందు దాన్ని వెర్న్‌కి ఇచ్చారు. నేను నా బల్ల మీది తెరలో చూస్తున్నాను.

"నేను వెళ్లిపోతున్నా, లోర్నా. నువ్వు వద్దంటే వెళ్లను."

"నేను వద్దంటే వెళ్లనంటున్నావు," అంది మెత్తగా, కనుబొమ కూడా కదపకుండా.

"అవును. వద్దంటావా?"

"వద్దంటానా అని అడుగుతున్నావు."

అతను పలకను రెండు చేతులా బిగించి పట్టుకుని మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ అప్పజెప్పింది. పావుగంట అయిందని గంట మోగేదాకా అదే తంతు.

వెర్న్ బయటికొచ్చి టోపీ పెట్టుకున్నాడు. "ఇవాళ నాలో ఒక్క తప్పూ పట్టలేదు," అన్నాడు. లోర్నా ఇంకా లోపలే ఉంది, గుర్తులు ఎలా పడ్డాయోనని వీడియో వెనక్కి తిప్పుకుంటోంది. ట్రక్కు వెళ్లిన చప్పుడు నేనొక్కదాన్నే విన్నాను.

ఇంతవరకూ ఏ జంటకీ రానన్ని మార్కులు వాళ్లకి వచ్చాయి. మంచి జంటంటే ఇలా ఉండాలని ప్రొఫెసర్ కొత్తవాళ్లకి ఇప్పుడు ఆ వీడియోనే చూపిస్తాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని ఆయనకి ఎవరు చెప్పాలి?

సోమవారం లోర్నా వాచిన కళ్లతో వచ్చింది. జాలిపడాల్సింది, నాకు కోపమే వచ్చింది.

"వెళ్లొద్దని ఒక్క మాట అనడానికి నోరు పడిపోయిందా?"

"అందామనే కూర్చున్నా," అంది. "పలక నా చేతికిస్తాడని చూశా. ఇవ్వలేదు."